కథ కంచికి, మనం ఇంటికి: క్రైస్తవ విశ్వాసం, జానపద కథలు, నిత్యజీవితం – తరచుగా అడిగే ప్రశ్నలు

సండే స్కూలు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, కాలేజీలో చేరాక చర్చికి రావడం తగ్గించిన యువకులు, క్రిస్మస్ విందుకు వచ్చే హిందూ మిత్రులు. అడిగేవారు మారుతుంటారు గానీ ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్నింటికి జవాబు రెండు వాక్యాలు చాలు. కొన్నింటికి ఓపిక కావాలి.

అనగనగా ఒక రాజు కథకూ, బైబిలు చెప్పేదానికీ అసలు తేడా ఏమిటి?

ఏడు చేపల కథనే తీసుకోండి. ఆ రాజుకు పేరు లేదు, ఊరు లేదు, కాలం లేదు. వాటి అవసరమూ లేదు. ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండని ఒక చేప, గడ్డిమేటు, ఆవు, చివరికి బంగారు పుట్టలో చీమ. ఆ చీమ చెప్పే జవాబుతో కథ కంచికి, మనం ఇంటికి.

ఇప్పుడు లూకా సువార్త మూడో అధ్యాయం తెరవండి. బాప్తిస్మమిచ్చు యోహాను పని మొదలుపెట్టాడని చెప్పడానికి లూకా ఏడుగురి పేర్లు వరుసగా రాశాడు. తిబెరి కైసరు ఏలుబడిలో 15వ సంవత్సరం. యూదయకు పొంతి పిలాతు అధిపతి. గలిలయకు హేరోదు, ఇతూరయ, త్రకోనీతి దేశాలకు ఫిలిప్పు, అబిలేనేకు లుసానియ. ప్రధాన యాజకులు అన్న, కయప. పిల్లలకు చదివి వినిపిస్తే ఆవులిస్తారు. ఇది కథకుడు గొంతు సవరించుకునే తీరు కాదు, కరణం దస్తావేజు రాసే తీరు.

విశ్వాస ప్రమాణం వల్లించే చర్చిలలో ప్రతి ఆదివారం పొంతి పిలాతు పేరు పలుకుతారు. దేవుణ్ణి గురించి ఒప్పుకునే మాటల మధ్య ఒక రోమా అధికారి పేరు ఎందుకని చాలామంది అడుగుతారు. తేదీ కోసమే. 1961లో కైసరయలో పాత నాటకశాల తవ్వుతుండగా, ఎవరో మెట్టుగా వాడేసిన ఒక రాయి బయటపడింది. దాని మీద లాటిన్ అక్షరాలలో తిబెరి పేరు, పిలాతు పేరు, యూదయ అధిపతి అన్న హోదా ఉన్నాయి.

పేరూ ఊరూ ఉన్నంత మాత్రాన అది నిజమైపోతుందా?

కాదు. భోజరాజు చరిత్రలో ఉన్నాడు, ధారానగరం మ్యాపులో ఉంది. అయినా ఆయన చుట్టూ అల్లిన కథలన్నీ జరిగినవని ఎవరూ అనరు. కైసరయ రాయి పిలాతు ఉన్నాడని రుజువు చేస్తుందే గానీ యేసు తిరిగి లేచాడని రుజువు చేయదు. ఆ రాయిని చూపించి "ఇక అంతా నిరూపణ అయిపోయింది" అని వేదిక మీద గర్జించే ప్రసంగీకులు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తున్నారు.

అసలు విషయం ఇది: పేరు, ఊరు, కాలం చెప్పిన మాటను విచారించవచ్చు. తప్పని తేలే ప్రమాదం కూడా అందులోనే ఉంది. టాసిటస్ అనే రోమా చరిత్రకారుడు, క్రైస్తవులంటే ఏమాత్రం గౌరవం లేని మనిషి, క్రీస్తుకు తిబెరి కాలంలో పిలాతు మరణశిక్ష వేయించాడని రాశాడు. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు ఇంకా ముందుకు వెళ్లాడు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని కొరింథు సంఘానికి తేల్చి చెప్పాడు. లేచిన క్రీస్తును ఐదువందల మందికి పైగా చూశారనీ, వారిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ అదే అధ్యాయంలో రాశాడు. వెళ్లి అడిగి తెలుసుకోండి అన్నట్టే. ఏడు చేపలు నిజంగా లేవని తేలితే ఆ కథకు వచ్చే నష్టమేమీ లేదు. సువార్తకు ఆ వెసులుబాటు లేదు.

నీళ్ల మీద నడవడం, చచ్చినవారు లేవడం – ఇవి మాయలమరాఠీ కథల్లాంటివే కదా?

అలా అనిపించడం సహజం. మొదట అలా అనుకున్నది శిష్యులే. సమాధి ఖాళీగా ఉందని స్త్రీలు వచ్చి చెబితే అపొస్తలులకు అవి వెఱ్ఱిమాటలుగా కనబడ్డాయని లూకా దాచకుండా రాశాడు.

అయితే పోలిక దగ్గర కాస్త ఆగి చూడాలి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు శక్తి అతని సొత్తు. దానితో ఎత్తుకుపోతాడు, రాయిని చేస్తాడు, తన ప్రాణాన్ని చిలుకలో దాచుకుంటాడు. సువార్తలలో యేసు ఆకలితో ఉన్నప్పుడు రాళ్లను రొట్టెలు చేసుకోలేదు. సిలువ మీద నుంచి దిగి రమ్మంటే దిగలేదు. తనను కాపాడుకోవడానికి ఒక్క అద్భుతమూ చేయలేదు. ఏ జానపద కథకుడైనా ఆ అవకాశాన్ని వదులుకుంటాడా?

మార్కు సువార్త అయిదో అధ్యాయంలో యాయీరు కూతురి సంగతి చూడండి. పన్నెండేళ్ల పిల్ల. ఇంటి నిండా ఏడుపులు. యేసు ఆ గుంపును బయటకు పంపి, పిల్ల చెయ్యి పట్టుకుని, ఇంటి భాషలో "తలీతాకుమీ" అన్నాడు, అంటే చిన్నదానా, లే అని. పిల్ల లేచి నడిచింది. అందరూ నోళ్లు వెళ్లబెట్టుకుని నిలబడ్డారు. అప్పుడాయన చెప్పిన మాట: ఆ పిల్లకు ఏదైనా తినడానికి పెట్టండి. జబ్బుపడి లేచిన పిల్లకు ఆకలి వేస్తుందని ఆ గదిలో ఇంకెవరికీ తట్టలేదు. ఇంత మాత్రాన అది జరిగిందని తేలిపోదు, నిజమే. కానీ ఇది మాంత్రికుడి కథ నడిచే దారి మాత్రం కాదు.

బైబిలులో కల్పిత కథలు అసలు లేవా?

ఎందుకు లేవు? న్యాయాధిపతులు తొమ్మిదో అధ్యాయంలో యోతాము కొండెక్కి చెప్పింది అచ్చమైన నీతికథ. చెట్లన్నీ తమకు రాజు కావాలని బయలుదేరాయి. ఒలీవ చెట్టు తన నూనె వదిలి రానంది. అంజూరం తన తీపి వదలనంది. ద్రాక్షవల్లి తన రసం వదలనంది. చివరికి ముండ్లపొద "రండి, నా నీడలో చేరండి" అంది. ముండ్లపొదకు నీడ ఎక్కడిది! ఎన్నికల కాలంలో ఈ కథ ఎవరికి ఎలా వినిపిస్తుందో చెప్పనక్కరలేదు. నాతాను దావీదుకు చెప్పిన గొర్రెపిల్ల కథ, యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ, ఇవన్నీ కల్పనలే. అవి కథలని చెప్పేవారికీ వినేవారికీ తెలుసు. అవే రచనలు మరోచోట "ఇది జరిగింది" అంటున్నాయంటే, ఆ తేడా తెలిసే అంటున్నాయి. "చమత్కారముగా కల్పించిన కథలను" అనుసరించి మేము చెప్పలేదని పేతురు రెండో పత్రికలో ఉన్న మాట అదే.

మరి యోనాను చేప మింగడం?

జరిగిన సంగతి అని నమ్మేవారూ ఉన్నారు, ఉపదేశం కోసం చెప్పిన కథ అనేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకుంటారు. చేప గొంతు కొలతల గురించి వాదించేవారు నాలుగో అధ్యాయం దాకా రారు. అసలు సంగతి అక్కడుంది: శత్రువుల పట్టణం మీద దేవుడు జాలిపడ్డాడని అలిగి కూర్చున్న ప్రవక్త.

నమ్మితే అన్నీ చక్కబడతాయని సాక్ష్యాలలో చెబుతారు. నాకెందుకు చక్కబడలేదు?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

మన చర్చిలలో సాక్ష్యం చెప్పడానికి మైకు ఎవరి చేతికి వెళుతుందో గమనించండి. వీసా వచ్చిన అబ్బాయికి. పదేళ్లకు కడుపు పండిన తల్లికి. స్కానింగులో గడ్డ కనబడలేదన్న పెద్దాయనకు. వారి ఆనందం నిజమే, వారు దేవునికి కృతజ్ఞత చెప్పడమూ సబబే. కానీ మూడోసారీ వీసా రాని వాడు, గర్భం నిలవని ఆమె, గడ్డ పెరిగిన మనిషి వెనుక వరుసలో కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. వారికి మైకు ఎవరూ ఇవ్వరు. ఏడాది పొడవునా ఇలా సాగితే పిల్లల మనసులో సువార్త ఏ రూపంలో స్థిరపడుతుంది? రాక్షసుణ్ణి చంపినవాడికి అర్ధరాజ్యమిచ్చి, కూతురినిచ్చి పెళ్లి చేసే కథ రూపంలోనే. "వెయ్యి రూపాయల విత్తనం నాటండి, పదింతలు కోయండి" అనే కానుక పిలుపు కూడా ఆ బేరమే, వాక్యం రంగు పూసుకుని వచ్చింది.

హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయాన్ని విశ్వాస వీరుల అధ్యాయం అంటారు. సింహాల నోళ్లు మూయించినవారు, సైన్యాలను తరిమినవారు అందులో ఉన్నారు. 35వ వచనం మొదటి సగంలో స్త్రీలు చనిపోయిన తమవారిని మళ్లీ పొందారు. అదే వచనం రెండో సగంలో కొందరు యాతన పెట్టబడ్డారు. ఆ తరువాత రాళ్లతో కొట్టబడినవారు, రంపాలతో కోయబడినవారు, గొర్రె తోళ్లు కప్పుకుని తిరిగినవారు. మొదటి సగంలోని వారికి విశ్వాసం ఎక్కువ, రెండో సగంలోని వారికి తక్కువ అని రచయిత ఎక్కడా అనలేదు. అందరినీ ఒకే జాబితాలో, ఒకే గౌరవంతో పెట్టాడు. మన సాక్ష్యాల కూటాలు ఆ వచనం మధ్యలో ఆగిపోతున్నాయి.

తన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న బబులోను రాజు నెబుకద్నెజరు ముందు నిలబడ్డ ముగ్గురు యువకుల మాట కూడా చూడండి. మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు అన్నారు. వెంటనే, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ "రక్షించకపోయినా" అన్నది లేకపోతే అది విశ్వాసం కాదు, పందెం.

మీకు ఎందుకు చక్కబడలేదో చెప్పగలనని నేను అనను. చెప్పగలనని ఎవరైనా అంటే, ముఖ్యంగా దానికి వెల పెడితే, అక్కడి నుంచి లేచి రండి.

యోబుకు చివర అన్నీ రెట్టింపుగా వచ్చాయి కదా?

లెక్క చూద్దాం. గొర్రెలు 7,000 నుంచి 14,000 అయ్యాయి. ఒంటెలు 3,000 నుంచి 6,000. ఎడ్ల జతలు, గాడిదలు కూడా రెట్టింపే. పిల్లలు మాత్రం ముందు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు, తరువాతా అంతే. చనిపోయిన పదిమంది తిరిగి రాలేదు. కొత్తగా పుట్టిన పిల్లలు పోయిన పిల్లలకు బదులు కారని బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లిని అడిగినా చెబుతుంది. ఎందుకు ఈ బాధ అన్న ప్రశ్నకు దేవుడు జవాబు చెప్పకపోవడం కూడా గమనించండి. యోబును ఓదార్చడానికి వచ్చి, నీ పాపమే కారణమని వాదించిన స్నేహితులను మాత్రం మందలించాడు. చావు ఇంటికి వెళ్లి "ఏదో తప్పు చేసి ఉంటారు" అని గుసగుసలాడే మన బంధువర్గం ఆ భాగం చదివితే బాగుండును.

ప్రార్థించినా జవాబు రాలేదంటే నా విశ్వాసం చాలదనా?

పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు, ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తొలగించమని అడిగాడు. తొలగలేదు. వీరి విశ్వాసం చాలలేదని ఎవరంటారు?

కీర్తనలలో చాలావరకు మొర చివరికి స్తుతిగా మారుతుంది. 88వ కీర్తన మారదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. అయినా దానిని ఎవరూ తీసివేయలేదు, సరిదిద్దలేదు. ఆ స్థితిలో ఉన్నవారు ఆ మాటలనే ప్రార్థనగా వాడుకోవచ్చు.

మందులు మానేసి ప్రార్థన మీద ఆధారపడాలా?

వద్దు. సువార్త రాసిన లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొద్దిగా పుచ్చుకోమని పౌలు రాశాడు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి జనం వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్యశాలను 1900లో ఐడా స్కడ్డర్ మొదలుపెట్టింది క్రీస్తు పేరు మీదే. చక్కెర మాత్రలు మానేయమని చెప్పే సేవకుడి మాట వినకండి. మహిమ గల నూనె సీసాతో ఫలానా జబ్బు నయమవుతుందని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది కూడా.

ఒంగోలులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారంటారు. అది కథ కాదా?

కాదు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జరిగింది. కానీ మనం దానిని కథలా చెబుతాం. చుట్టూ ఉన్నది వదిలేసి ఆ ఒక్క రోజును పట్టుకుంటాం.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగువారి మధ్యకు వచ్చింది 1836లో. ఏళ్లు గడిచినా విశ్వసించినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఈ పని మూసేద్దామా అని అమెరికాలోని మిషన్ పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు. 1860లలో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అయితే పల్లెలకు మాటను మోసుకెళ్లింది యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు. క్లౌ దొర పేరు చెప్పి పేరయ్య పేరు మింగేయడం మన చరిత్ర చెప్పేవారికి అలవాటు.

1876లో కరవు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరవు పని ముగిశాకే గుండ్లకమ్మ దగ్గర ఆ రోజు. మరి మర్నాడు? వారు తిరిగి వెళ్లింది అవే గుడిసెలకు, అదే మాదిగపల్లెకు. ఆదివారం పని చేయబోమన్నందుకు, చచ్చిన గొడ్డు మాంసం తినబోమన్నందుకు ఊరి పెద్దల కోపం కాచుకుని ఉంది. నా దృష్టిలో 2,222 కంటే ఆ మర్నాడే గొప్పది.

క్రైస్తవులయ్యాక కులం పోతుందా?

పోవాలి. క్రీస్తులో యూదుడని గ్రీసు దేశస్థుడని లేదని పౌలు రాశాడు. పోయిందా అంటే, పెళ్లిచూపుల నాడు కులం అడగని క్రైస్తవ ఇళ్లు మీ ఊరిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

చట్టం ముందు మరో చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మన రెండు రాష్ట్రాలలో దళిత క్రైస్తవులను బీసీ-సీ గుంపులో పెట్టారు, దాని వాటా ఒక శాతం. అందుకే రెవెన్యూ కార్యాలయంలో ఒక మతం, చర్చి రిజిస్టరులో మరొకటి ఉన్న కుటుంబాలు వేలకొద్దీ ఉన్నాయి. వారిని "రెండు నాలుకలవారు" అని తిట్టే ముందు, పిల్లవాడి సీటుకూ స్కాలర్‌షిప్పుకూ మధ్య నలిగే ఆ ఇంట్లో ఒక పూట కూర్చుని రావాలి.

దేవుడు నాకోసం సిద్ధపరచిన రాకుమారుడు ఎప్పుడు వస్తాడు?

కథలలో పెళ్లితో అంతా ముగుస్తుంది. బైబిలులో ఆదాము హవ్వల పెళ్లి రెండో అధ్యాయంలోనే అయిపోతుంది, మూడో అధ్యాయంలో ఆయన నేరాన్ని ఆమె మీదికి, ఆమె పాము మీదికి నెడతారు. రాకుమారుడి కోసం కాకుండా, కట్నం అడగని, తన కంచం తాను కడుక్కునే మనిషి కోసం ప్రార్థించండి.

క్షమించడమంటే అన్నీ మరచి సర్దుకుపోవడమా?

జానపద కథలో చెడ్డవాడికి శిక్ష పడాల్సిందే, పిల్లలు దానికోసమే ఎదురుచూస్తారు. ఒడిశాలో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు ఫిలిప్, తిమోతిలను 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో వాహనంలోనే సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పింది. తరువాత కూడా ఆ పని కొనసాగించింది. కానీ న్యాయస్థానం తన పని తాను చేసింది, ఆమె క్షమాపణ దానికి అడ్డం రాలేదు. కొట్టే భర్త దగ్గరికి "క్షమించి వెళ్లమ్మా" అని ఆడపిల్లను తిరిగి పంపే సంఘపెద్దలు ఈ తేడా తెలుసుకోవాలి. పగ వదిలేయడం ఆమె చేతిలో ఉంది. దెబ్బలకు వీపు అప్పగించమని ఎవరూ ఆజ్ఞాపించలేదు.

పిల్లలను జానపద కథలు, మంత్రగాళ్ల కథలు చదవనివ్వవచ్చా?

నిరభ్యంతరంగా. చందమామ చదివి చెడిపోయిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. కథ కథేనని పిల్లలకు పెద్దలకంటే బాగా తెలుసు. ధైర్యం, దయ అంటే ఏమిటో మొదట రుచి చూపించేది అవే.

1931 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక రాత్రి సి.ఎస్. లూయిస్, టోల్కీన్, మరో మిత్రుడు కాలేజీ తోటలో నడుస్తూ చాలాసేపు వాదించుకున్నారు. లూయిస్‌కు పురాణగాథలంటే ప్రాణం, కానీ అవి అబద్ధాలనే అభిప్రాయం. క్రీస్తు వృత్తాంతం అలాంటి గాథే, అయితే నిజంగా జరిగింది అన్నది టోల్కీన్ వాదన. కొద్ది రోజులలోనే లూయిస్ విశ్వాసి అయ్యాడు. ఆయన ఆ తరువాత రాసిన పిల్లల కథలు లోకమంతా చదివింది. 1960లో భార్య క్యాన్సర్‌తో చనిపోయినప్పుడు మాత్రం ఆయనకు ఏ కథా అక్కరకు రాలేదు. దేవుని మీద కోపంతో సహా తన దుఃఖాన్నంతా కాగితం మీద పెట్టాడు, మొదట మారుపేరుతో అచ్చువేశాడు.

పరలోకం కూడా "ఆపై సుఖంగా ఉన్నారు" అనే ముగింపే కదా?

అన్నింటిలోకీ గట్టి ప్రశ్న ఇది. ప్రకటన గ్రంథం చివర దేవుడు ప్రతి కన్నీటి బొట్టును తుడుస్తాడని ఉంది. పోలిక ఉందని ఒప్పుకోవాల్సిందే. మనుషులు కథ చివర ఎప్పుడూ అదే కోరుకోవడం యాదృచ్ఛికం కాదని కూడా నేను అనుకుంటాను.

కానీ కథ ముగింపులో గాయాలు మాయమవుతాయి. శాపం తొలగితే కప్ప మళ్లీ రాకుమారుడవుతాడు, ఒంటిమీద గీత కూడా ఉండదు. యోహాను సువార్తలో తిరిగి లేచిన యేసు చేతులలో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. తోమాను వేలు పెట్టి చూడమన్నాడు. క్రైస్తవులు ఎదురుచూసే ముగింపు జరిగినదాన్ని చెరిపేసేది కాదు. అందుకే ఆ నిరీక్షణ ఉన్నవారు ఈలోగా అన్యాయాన్ని చూసీ చూడనట్టు ఉండడానికి వీల్లేదు.

క్రిస్మస్ తాత సంగతి?

నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణపు బిషప్పు నికొలాసు పేరు చుట్టూ అల్లుకున్న కథ అది. వేషం కట్టించండి, మిఠాయిలు పంచండి, తప్పు లేదు. పిల్లవాడు సూటిగా "తాత నిజమా?" అని అడిగిన రోజున మాత్రం కాదని చెప్పేయండి. మరుసటి ప్రశ్న "మరి యేసు?" అని వస్తుంది.

ఆ ప్రశ్న వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్కు సువార్తతో. పదహారు అధ్యాయాలు, రోజుకు ఒకటి చాలు. పిల్లల బొమ్మల బైబిలు కాకుండా అసలు పాఠమే చదవండి. అర్థం కాని పాత మాట వస్తే ఆగి చెప్పండి. తుఫానులో పడవ వెనుక భాగాన తలగడ మీద తల పెట్టుకుని యేసు నిద్రపోవడం, తోటలో పట్టుకోబోతే నారబట్ట వదిలేసి దిగంబరంగా పారిపోయిన పేరు తెలియని కుర్రవాడు, ఇవన్నీ పిల్లలు వదలరు, ప్రశ్నలు అడుగుతారు. తెలిసినవాటికి జవాబు చెప్పండి. తెలియనివి ఒక పుస్తకంలో రాసిపెట్టి ఆదివారం తీసుకురండి.